రెప్పల కాపరి

గ్రిమ్స్‌బీ రేవులో ముప్పై ఏళ్ళు చేపలు కోశాను.
మంచు పెట్టెల్లో పెట్టీ పెట్టీ
నా వేళ్ళు చలిని మర్చిపోయాయి.
ఎక్కడ తెగాలో వాటికి తెలుసు, చూడక్కర్లేదు.
ఇప్పుడు తెగినదాన్ని మూస్తాను.
రౌండుకీ రౌండుకీ మధ్య ఒక నిమిషం.
అందులో పది క్షణాలు
పంజరం తలుపు దగ్గరే పోతాయి.

చేతికి ఎముక లేదంటారు పెట్టే గుణం ఉన్నవాణ్ణి.
కైరన్ స్టబ్స్‌కి ఒక్కో చేతికి ఇరవయ్యేడు,
అన్నిటినీ పేరుపేరునా ఎరుగుదును.
గాజుగుడ్డ, టేపు, మళ్ళీ గాజుగుడ్డ,
బొటనవేలికి రెండు చుట్లు.
"పిడికిలి బిగించు."
బిగిస్తాడు.
"నొక్కుతోందా?"
"బానే ఉంది, తాతా."
అప్పటికి నాకు నలభై తొమ్మిదే.

మొదటి పోటీ ఊరి వ్యాయామశాలలో.
పంజరం పక్కనే నేల మీద బ్యాడ్మింటన్ గీతలు.
కూలి నూరు పౌండ్లు,
అదీ టికెట్లు వాడే అమ్ముకుంటే.
మేనత్తలు కొన్నారు, పళ్ళ డాక్టరు కొన్నాడు,
ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మొత్తం కొంది.
రెండో రౌండులో వెనకనుంచి మెడ చుట్టేసి గెలిచాడు.
సోమవారం పొద్దున ఆరింటికి మళ్ళీ
చేప ముక్కలకి బ్రెడ్డుపొడి అద్దుతున్నాడు,
ఒక కన్ను మూసుకుపోయి.
వాళ్ళమ్మ లొరెయిన్ నా చెయ్యి పట్టుకుంది:
"వాణ్ణి కంటికి రెప్పలా చూసుకో."
నేను చూసుకునేది రెప్పల్నే.
ఇంకేం చూడగలను?

తర్వాత డాంకాస్టర్, లివర్‌పూల్, కార్డిఫ్.
ఎక్కడికెళ్ళినా మొదటి పోరు తక్కెడతోనే.
హోటల్ తొట్టిలో ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు.
మెడ దాకా మునిగి
కిటికీలోంచి కనిపించే కబాబ్ షాపు బోర్డు చదివేవాడు,
పైనుంచి కిందికి, ధరలతో సహా,
జపంలా.
ఆఖరి అరకిలో దిగనని మొండికేస్తే
చూయింగ్ గమ్ నమిలి నమిలి సీసాలోకి ఉమ్మేవాడు.
పెదాలు పాత గోడ సున్నంలా పొరలు లేచేవి.
తూకం అయ్యాక
ఆ బోర్డుని పైనుంచి కిందిదాకా తినేసేవాడు.

లండన్‌లో పెద్ద అరీనా.
తెర మీద ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గింది,
లొరెయిన్ తప్ప ఎవరూ చూడలేదు.
మూడో రౌండు ముందు ఎడమ కనుబొమ్మ మీద చీలిక,
ఎముక తెల్లగా కనిపించేంత.
డాక్టరు టార్చి పట్టుకుని నా భుజం వెనక నిలబడ్డాడు.
రక్తం ఆగకపోతే పోటీ ఆపేస్తాడు.
దూదిపుల్లతో మందు అదిమాను,
చల్లటి ఇనుప బిళ్ళ, పైన వాసెలిన్.
ఆగింది.
అంత శుభ్రంగా నేనెప్పుడూ మూయలేదు.
డాక్టరు తల ఊపాడు.
ఆ తలూపుకి కైరన్‌కి ఇంకో ఐదు నిమిషాలు దొరికాయి.

మోచెయ్యి, మోకాలు, మళ్ళీ మోచెయ్యి.
పడ్డాడు, లేచాడు.
లేవడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు,
అదే వచ్చిన చిక్కు.
ఆ ఐదు నిమిషాలూ లెక్కపెట్టాను.
ఇప్పటికీ అయిపోలేదు.

కంపెనీ నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది.
టైర్ల షాపు వెనక షెడ్డులో
పిల్లలకి నేర్పుతున్నాడిప్పుడు.
వాళ్ళ ఫోటోలు గోడకి అంటించుకున్నాడు,
కింద పేర్లు రాసి.
ప్రత్యర్థి కాలు ఎలా లాగాలో చూపేటప్పుడు చేతులు తడబడవు.
బయటికొచ్చాక కారు ఎక్కడ పెట్టాడో వెతుకుతాడు.
శుక్రవారాలు మా ఇంటికి చిప్స్ పొట్లం తెస్తాడు.
మచ్చ తడుముకుంటూ అడుగుతాడు:
"దీనికెన్ని కుట్లు పడ్డాయి?"
"పదకొండు."
"భలే ఆపావు తాతా, ఆ రాత్రి."
పోయిన శుక్రవారమూ చెప్పాను, అంతకు ముందూ.
వెనిగర్ నా వేళ్ళ పగుళ్ళలో మండుతుంది.

శనివారం స్కంథోర్ప్‌లో ఒక కుర్రాడికి మొదటి పోటీ.
పంతొమ్మిదేళ్ళు,
కనుబొమ్మల మీద ఇంకా ఒక్క గీతైనా లేదు.
దూదిపుల్లలు చుడుతున్నాను.
ఇరవై చాలు.
ఇంకో పది చుట్టాను.